బయటి కన్సల్టెంట్‌ని పిలవాలా, మనవాళ్లతోనే కానివ్వాలా: పీణ్యా అనుభవంతో ఒక పోలిక

బెంగళూరు పీణ్యా పారిశ్రామికవాడ సెకండ్ స్టేజ్‌లో మాదొక మెషిన్ షాప్. పన్నెండు సీఎన్‌సీలు (కంప్యూటర్‌తో నడిచే కోత మెషిన్లు), రెండు షిఫ్టులు, నలభై మంది దాకా మనుషులు. వాళ్లలో సగం మంది హిందూపురం, మడకశిర, పావగడ వైపు నుంచి వచ్చినవాళ్లే, అందుకే మా షాప్ ఫ్లోర్‌లో కన్నడం కంటే తెలుగే ఎక్కువ వినిపిస్తుంది. ఇన్నేళ్లలో కన్సల్టెంట్లను ఏడెనిమిదిసార్లు పిలిచాను. కొన్నిసార్లు పెట్టిన డబ్బుకు ఎన్నో రెట్లు తిరిగొచ్చింది. కొన్నిసార్లు బీరువాలో ఒక లావుపాటి ఫైలు మాత్రం మిగిలింది. ఈమధ్య హోసూరులో, బొమ్మసంద్రలో యూనిట్లు నడిపే మనవాళ్లు తరచుగా ఇదే అడుగుతున్నారు: "అన్నా, ఒకాయన నెలకి ఇంత అడుగుతున్నాడు, పెట్టుకోమంటావా?" ఫోన్‌లో చెప్పేదేదో వివరంగా రాసిపెడితే నలుగురికి పనికొస్తుందని రాస్తున్నాను.

ఫీజు ఎంత అన్నది తర్వాత సంగతి. ముందు చూసుకోవాల్సింది పని ఎందుకు ఆగింది అన్నది. మనకు తెలియక ఆగిందా? తెలిసినా చేసే చేతులు లేక ఆగిందా? తెలిసి, చేతులుండి కూడా, చెప్పినవాడి మాట వినక ఆగిందా? కన్సల్టెంట్ పనికొచ్చేది మొదటిదానికే. రెండోదానికి మనిషి కావాలి. మూడోదానికి యజమాని తీరు మారాలి. నేను డబ్బు పోగొట్టుకున్న ప్రతిసారీ వీటిలో ఒకదాన్ని ఇంకోటి అనుకున్నాను.

మర్నాడు పొద్దున తల ఊడిన బోల్టు

తెలియక ఆగడం అంటే ఎలా ఉంటుందో చెప్తాను. ఒక కస్టమర్‌కి గట్టి అలాయ్ స్టీల్ బోల్టులు చేసి ఇచ్చేవాళ్లం. హీట్ ట్రీట్‌మెంట్ అయ్యాక హార్డ్‌నెస్ (గట్టిదనం) హెచ్ఆర్‌సీ కొలమానంలో 40 దాటేది. తుప్పు పట్టకుండా వేసే జింక్ ప్లేటింగ్ (పూత) బయట జాబ్ వర్క్‌కి ఇచ్చేవాళ్లం. ఒకరోజు పొద్దున్నే ఫోన్: "నిన్న సాయంత్రం టార్క్ పెట్టి బిగించాం. ఇప్పుడొచ్చి చూస్తే రెండు బోల్టుల తలలు ఊడి కింద పడున్నాయి. రాత్రంతా ఎవరూ ముట్టుకోలేదు."

హార్డ్‌నెస్ చూశాం, సరిగ్గానే ఉంది. మెటీరియల్ సర్టిఫికెట్ సరిగ్గానే ఉంది. సైజులు, థ్రెడ్డు అన్నీ బాగానే ఉన్నాయి. రెండు వారాలు అదే పని. హీట్ ట్రీట్‌మెంట్ వాడితో పోట్లాట పెట్టుకున్నాం, స్టీల్ సప్లయర్‌ని మార్చాం. అయినా మళ్లీ రెండు తలలు ఊడాయి. టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్రపట్టేది కాదు.

చివరికి రిటైరైన మెటలర్జిస్టు ఒకాయన్ని తీసుకొచ్చారు మా బావగారు. ఆయన విరిగిన ముక్కను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, లెన్స్ కంటికి ఆనించి, పది నిమిషాలు అటూ ఇటూ తిప్పి చూశారు. విరిగిన చోట లోహం సాగలేదు, సన్నబడలేదు, పటికబెల్లం విరిచినట్టు పలుకులు పలుకులుగా మెరుస్తోంది. అప్పుడు ఒక్క మాట అడిగారు: "ప్లేటింగ్ అయిన ఎన్ని గంటలకు బేకింగ్ పెడుతున్నారు?"

మాకెవరికీ తెలియదు. ప్లేటింగ్ షాపుకి వెళ్లి అడిగితే అసలు సంగతి బయటపడింది. సాయంత్రం ప్లేటింగ్ అయిన సరుకుని, ఓవెన్ నిండలేదని మర్నాటి దాకా ఆపి బేకింగ్ పెడుతున్నారు. యాసిడ్‌లో కడిగేటప్పుడు, ప్లేటింగ్ చేసేటప్పుడు హైడ్రోజన్ ఉక్కు లోపలికి దూరుతుంది. మెత్తటి ఉక్కుకి దానివల్ల పెద్దగా నష్టం లేదు. ఇంత గట్టి ఉక్కుని బిగించి లాగి ఉంచితే మాత్రం ఆ హైడ్రోజన్ రేణువుల హద్దుల దగ్గర చేరి, గంటలు గడిచాక చప్పున విరిచేస్తుంది. అందుకే ప్లేటింగ్ అయిన నాలుగు గంటల్లోపే సుమారు 190 నుంచి 220 డిగ్రీల దగ్గర కొన్ని గంటల పాటు బేకింగ్ పెట్టి, అంటే ఓవెన్‌లో వేడిచేసి, ఆ హైడ్రోజన్‌ని బయటికి పంపెయ్యాలి. తర్వాత ల్యాబ్‌లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూపిస్తే ఆయన చెప్పిందే తేలింది.

ఆయన పని ఒక పూట. ఆ తర్వాత మేం చేసింది రెండే. ప్లేటింగ్ చలాన్ మీద "ప్లేటింగ్ ముగిసిన టైము, ఓవెన్‌లో పెట్టిన టైము" అని రెండు గళ్లు అచ్చు వేయించాం. ప్రతి లాటులో కొన్ని బోల్టులు బిగించి రెండు రోజులు వదిలేసి చూడడం మొదలుపెట్టాం. ఆ తర్వాత తల ఊడిందన్న ఫోన్ రాలేదు.

కన్సల్టెంట్‌ని పిలవాల్సిన పని అచ్చంగా ఇలా ఉంటుంది. ఆ విద్య మన ఇంట్లో లేదు, నలభై మంది కలిసి కూర్చున్నా పుట్టదు. అలాగని మెటలర్జిస్టుని నెల జీతం మీద పెట్టుకుంటే రెండేళ్లకోసారి తప్ప ఆయనకి పని ఉండదు. ఆయన వెళ్లిపోయాక కూడా ఆ జవాబు చలాన్ మీది రెండు గళ్ల రూపంలో మన దగ్గరే ఉండిపోతుంది. మీ సమస్యకు ఈ మూడూ సరిపోతే ఫీజు గురించి ఎక్కువ ఆలోచించొద్దు.

గేజ్ పోవట్లేదు సార్

రెండో కథ చెప్పడం నాకు కష్టం, కానీ చెప్పాలి. అల్యూమినియం హౌసింగ్, 35 మిల్లీమీటర్ల బోరు (రంధ్రం), టాలరెన్స్ (తేడాకి ఉన్న హద్దు) హెచ్7. అంటే 35 మీద సున్నా నుంచి 25 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) లోపలే ఎక్కువ ఉండాలి. గో గేజ్ అనే కొలత కడ్డీ బోరులోకి దూరేది, మా దగ్గర అన్నీ పాస్ అయ్యేవి. కస్టమర్ ఇన్‌స్పెక్షన్ గదిలో బోరు చిన్నదని వెనక్కి పంపేవాళ్లు. నాలుగు నెలలు ఇదే గోల. ఒక కన్సల్టింగ్ సంస్థను పిలిచాను. ముగ్గురు వచ్చారు, వారం ఉన్నారు, అరవై పేజీల రిపోర్ట్ ఇచ్చారు. పద్ధతిగానే చేశారు, తప్పు పట్టను. దాని సారాంశం: పీసు మెషిన్ మీద నుంచి వేడిగా దిగగానే కొలుస్తున్నారు, చల్లారాక కొలవండి.

లెక్క తేలికే. అల్యూమినియం ఒక డిగ్రీ వేడెక్కితే మీటరుకి దాదాపు 23 మైక్రాన్లు వ్యాకోచిస్తుంది. 35 మిల్లీమీటర్ల బోరు 15 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే దాదాపు 12 మైక్రాన్లు పెద్దదిగా కనిపిస్తుంది. ఉన్న టాలరెన్స్‌లో దాదాపు సగం. కొలతల ప్రమాణ ఉష్ణోగ్రత 20 డిగ్రీలు, కస్టమర్ గది ఆ చల్లదనంలోనే ఉంటుంది. అక్కడికి వెళ్లేసరికి బోరు ముడుచుకుపోతోంది.

రిపోర్ట్ పట్టుకుని షాప్ ఫ్లోర్‌కి వెళ్లి మా రెండో మెషిన్ అబ్బాయికి చెప్పబోయాను. మడకశిర అబ్బాయి, మా దగ్గర చేరి ఆరేళ్లు. నెమ్మదిగా అన్నాడు: "సార్, ఇది నేను అప్పుడే చెప్పినాను గదా. టీకి పోయేముందు గో గేజ్ పోతాది, టీ తాగొచ్చి పెడితే పోవట్లేదు అని. మీరు ఆఫ్‌సెట్ సరిగ్గా వేసుకోమన్నారు."

నిజమే. చెప్పాడు. నేను వినలేదు, మెషిన్‌లో కొలత సవరణ (ఆఫ్‌సెట్) సరిచేసుకోమన్నాను. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత నా విషయంలో అక్షరాలా నిజమైంది. ఆ సంస్థ వాళ్లు కూడా ఈ సంగతి మొదటి రోజే ఆ అబ్బాయిని అడిగి తెలుసుకున్నారని తర్వాత తెలిసింది. అప్పట్నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. బయటివాళ్లకి ఫోన్ చేసే ముందు ఆ మెషిన్ మీద పనిచేసే ఆపరేటర్నీ, ఇన్‌స్పెక్టర్నీ, మెయింటెనెన్స్ మనిషినీ విడివిడిగా కూర్చోబెట్టి "ఇది ఎందుకు జరుగుతోందనుకుంటున్నావు?" అని అడుగుతాను. విడివిడిగా అడగడం ముఖ్యం. ఫోర్‌మన్ పక్కనుంటే ఆపరేటర్ నోరు విప్పడు. చెప్పింది చెప్పినట్టు, వాళ్ల మాటల్లోనే రాసుకుంటాను. చాలా సమస్యలు ఇక్కడే తేలిపోతాయి.

కొన్ని పనులకైతే బయటివాళ్లే అక్కర్లేదు. కరెంటు బిల్లు ఎక్కువొస్తోందని ఎనర్జీ ఆడిటర్ని పిలిచే ముందు ఒక ఆదివారం మెషిన్లన్నీ ఆపి కంప్రెసర్ ఒక్కటే నడపండి. గాలి ఎవరూ వాడట్లేదు కాబట్టి అది లోడ్ తీసుకోకూడదు. పది నిమిషాల్లో మూడు నిమిషాలు లోడ్‌లో ఉందంటే దాని సామర్థ్యంలో ముప్పై శాతం గాలి లీకుల్లోనే పోతోందన్నమాట. సబ్బు నీళ్లు పట్టుకుని గొట్టాల జాయింట్ల వెంట తిరిగితే చాలు. అది సరిచేశాక కూడా బిల్లు తగ్గకపోతే అప్పుడు పిలవండి. తేలిక పనులన్నీ ముందే అయిపోయి ఉంటాయి కాబట్టి ఆయన ఫీజు అసలు కష్టమైన చోటే ఖర్చవుతుంది.

చేతులు కావాలా, సలహా కావాలా

కొత్త కస్టమర్ వచ్చాడు, మూడు నెలల్లో పద్నాలుగు ఫిక్స్చర్లు (పీసుని మెషిన్ మీద పట్టి ఉంచే అమరికలు) డిజైన్ చెయ్యాలి. మా దగ్గర డిజైన్ చేసేది ఒక్కడే. అప్పుడు నేను నెలకి నాలుగు రోజులొచ్చే ఒక సలహాదారుని పెట్టుకున్నాను. ఆయన వచ్చి "ఇక్కడ లొకేటర్ ఇలా ఉండాలి" అని చెప్పి వెళ్లేవారు. చెప్పింది బాగుండేది. కానీ గీసేవాడు మళ్లీ ఆ ఒక్కడే. నాకు కావాల్సింది సలహా కాదు, గీసే చేతులు. డ్రాయింగ్‌కి ఇంత అని మాట్లాడుకుని డిజైన్ సర్వీస్ వాళ్లకి ఇచ్చి ఉంటే సరిపోయేది. లేదంటే ఆరు నెలల కాంట్రాక్టు మీద ఒక ఇంజనీర్ని తీసుకోవాల్సింది.

ఏడాదికి ఒకటి రెండుసార్లు చేసే స్ట్రెస్ అనాలిసిస్ (లోడ్ పడితే పార్టు తట్టుకుంటుందో లేదో కంప్యూటర్‌లో చూడడం) కూడా బయటికి ఇవ్వడమే మేలు. ఆ సాఫ్ట్‌వేర్ లైసెన్స్ ఖరీదు, అది తెలిసిన మనిషి జీతం కలిపి చూస్తే మా లాంటి యూనిట్‌కి గిట్టదు. ఏ మోడల్‌ని ఎలా పట్టి ఉంచారో, లోడ్ ఎక్కడ వేశారో మనకి అర్థమయ్యేలా రాసివ్వమని మాత్రం అడగండి. రంగురంగుల బొమ్మ ఒక్కటి ఇచ్చి వెళ్లిపోతే దానిమీద ఏ నిర్ణయమూ తీసుకోలేం.

ఉద్యోగిని పెట్టుకోవాలా, కన్సల్టెంటా అన్నదానికి నేను వాడే లెక్క రోజులది. ఆ పని నెలకి ఎన్ని రోజులు పడుతుంది? రెండు మూడు రోజులైతే కన్సల్టెంట్. ఎనిమిది పది రోజులు దాటి, ఏడాదంతా అలాగే ఉంటుందంటే ఉద్యోగి. మాటవరసకి రోజుకి 15 వేలు తీసుకునే ఆయన నెలకి పది రోజులొస్తే లక్షన్నర. ఆ డబ్బుకి మంచి క్వాలిటీ ఇంజనీర్ని, అతని కింద ఒక కుర్రాణ్ణి కూడా పెట్టుకోవచ్చు. క్వాలిటీ, ప్లానింగ్, మెయింటెనెన్స్ రోజూ ఉండే పనులు. వీటిని ఏళ్ల తరబడి బయటివాళ్ల మీద నడిపితే మన ఇంట్లో ఎవరూ ఎదగరు. ఉద్యోగికి జీతంతో పాటు పీఎఫ్, బోనస్, నేర్చుకునే ఆరు నెలలు కూడా ఖర్చే కదా అనొచ్చు. నిజమే, కానీ ఆ ఆరు నెలల్లో నేర్చుకున్నది మన దగ్గరే ఉంటుంది.

మధ్యేమార్గం ఒకటుంది, నాకు అన్నిటికంటే నచ్చింది అదే. ఉద్యోగిని తీసుకుని, అతనికి నేర్పడానికి కన్సల్టెంట్‌ని ఆరు నెలలు పెట్టడం. ఒప్పందంలోనే "ఆరో నెల తర్వాత ఈ పని మా ఇంజనీరే చెయ్యగలగాలి" అని రాయించడం. ఇలా రాయడానికి ఒప్పుకోని కన్సల్టెంట్‌ని నేను తీసుకోను. చెన్నైలోని సుందరం క్లేటన్ 1998లో నాణ్యతకి జపాన్ ఇచ్చే డెమింగ్ ప్రైజ్ తెచ్చుకున్న తొలి భారతీయ కంపెనీ. జపాన్ నుంచి ప్రొఫెసర్లు వచ్చి దారి చూపారు, చేసింది మాత్రం అక్కడి మనుషులే. పెద్ద కంపెనీల దగ్గర మనం నేర్చుకోవాల్సింది ఇదే.

బయట ఎవరెవరున్నారు

బెంగళూరులో మనకున్న అదృష్టం రిటైరైనవాళ్లు. మెషిన్ టూల్స్ చేసే హెచ్ఎంటీ 1953లో జాలహళ్లిలో మొదలైంది. విమానాలు చేసే హెచ్ఏఎల్ 1940 నుంచి, ఎలక్ట్రానిక్స్ చేసే బీఈఎల్ 1954 నుంచి ఇక్కడే ఉన్నాయి. వాటిలో ముప్పై, ముప్పై ఐదేళ్లు పనిచేసి బయటికొచ్చిన టూల్ డిజైనర్లు, గేర్ కటింగ్ తెలిసినవాళ్లు, మెట్రాలజీ (కొలతల విద్య) వాళ్లు మల్లేశ్వరంలో, విద్యారణ్యపురలో, జాలహళ్లిలో మన పక్క వీధుల్లోనే ఉన్నారు. ఒక ప్రాసెస్ మీద లోతైన సమస్యకి వీళ్లకు మించినవాళ్లు లేరు. ఫీజు తక్కువ, తలపొగరు తక్కువ. కానీ పదిమందిని కదిలించే పెద్ద మార్పు, కంపెనీ మొత్తం లేఔట్ మార్చడం లాంటివి ఒక్క మనిషి వల్ల కావు. ఆరోగ్యం బాగాలేకపోతే పని ఆగిపోతుంది కూడా. ఆయన చెప్పేదంతా మనవాడొకడు పక్కన కూర్చుని రాసుకునేలా చూసుకోండి.

సంస్థల దగ్గరికి వెళ్తే మనుషులు ఎక్కువ, పద్ధతి ఎక్కువ, ఫీజూ ఎక్కువే. కొత్త ప్లాంట్, ఈఆర్‌పీ (కంపెనీ పనులన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్), రెండు మూడు యూనిట్లను ఒకే పద్ధతిలోకి తేవడం లాంటి వాటికి ఇదే సరైన దారి. ఒకటి మాత్రం గట్టిగా పట్టుకోండి. మాట్లాడుకోవడానికి వచ్చే పెద్దాయన వేరు, పనికి వచ్చే కుర్రాడు వేరు. ఎవరొస్తారో, ఎన్ని రోజులొస్తారో పేరుతో సహా ఒప్పందంలో రాయించండి.

ప్రభుత్వ సంస్థలను మనవాళ్లు తక్కువగా వాడుకుంటున్నారు. తుమకూరు రోడ్డు మీది సీఎంటీఐ 1962లో మెషిన్ టూల్స్ కోసం పుట్టింది. కొలతల విషయంలో, మెషిన్ ఖచ్చితత్వం విషయంలో వాళ్ల రిపోర్ట్ పెడితే కస్టమర్ మళ్లీ మాట్లాడడు. టూలింగ్, మోల్డుల పనికి జీటీటీసీ ఉంది. ఎలక్ట్రికల్ పరికరాల పరీక్షలకు సీపీఆర్ఐ ఉంది. మరీ లోతైన పరిశోధనైతే ఐఐఎస్సీ ప్రొఫెసర్లు కన్సల్టెన్సీ తీసుకుంటారు. వీళ్లందరి దగ్గరా ఉన్న ఇబ్బంది సమయం. వచ్చే సోమవారం లైన్ ఆగిపోతుందన్న సమస్యను వీళ్ల దగ్గరికి తీసుకెళ్లకండి. కస్టమర్‌తో వాదన ముదిరి, రెండు వైపులా ఒప్పుకునే మాట కావలసినప్పుడు వెళ్లండి.

కటింగ్ టూల్ కంపెనీల అప్లికేషన్ ఇంజనీర్లు ఫీజు తీసుకోరు. సైకిల్ టైము, అంటే ఒక పీసుకి పట్టే సమయం, తగ్గించడంలో వీళ్లు నిజంగా దిట్టలు. ఇన్సర్ట్ (టూల్ కొనకి బిగించే కోత ముక్క) మాత్రం వాళ్లదే అమ్ముతారు, అది వాళ్ల ఉద్యోగం. ట్రయల్ తర్వాత ఇన్సర్ట్ ఖరీదు కాకుండా పీసుకి టూల్ ఖర్చెంత పడిందో లెక్క వేసుకోండి. ఒకే పని మీద ఇద్దరి చేత ట్రయల్ చేయించండి. కస్టమర్ పంపే సప్లయర్ డెవలప్‌మెంట్ ఇంజనీర్ కూడా ఉచితమే. నాణ్యత విషయంలో ఆయన్ని ఇంటి మనిషిలా చూసుకోండి. ఖర్చుల విషయంలో జాగ్రత్త: సైకిల్ టైము ఎంత తగ్గిందో ఆయన నోట్‌బుక్‌లోకి వెళ్తే వచ్చే ఏడాది ధర తగ్గించమనే ఉత్తరంలో అదే అంకె కనిపిస్తుంది.

డబ్బు ఇబ్బందైతే కేంద్రం 2023 మార్చిలో మొదలుపెట్టిన ఎంఎస్ఎంఈ కాంపిటిటివ్ లీన్ స్కీమ్ చూడండి. ఉద్యమ్ (చిన్న పరిశ్రమల) రిజిస్ట్రేషన్ ఉన్న యూనిట్‌కి 5ఎస్ (షాపుని పద్ధతిగా సర్దుకోవడం), కాన్‌బాన్ (కావలసినంతే చేయించే కార్డుల పద్ధతి) లాంటివి నేర్పే కన్సల్టెంట్ ఖర్చులో 90 శాతం ప్రభుత్వం భరించేలా దాన్ని పెట్టారు. లోపాల్లేకుండా, పర్యావరణానికి హాని లేకుండా తయారుచేస్తున్నామని చూపే జెడ్ సర్టిఫికేషన్ ఖర్చులోనూ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా యూనిట్లకు వరుసగా 80, 60, 50 శాతం రాయితీ ఇచ్చారు. దరఖాస్తు పెట్టే ముందు పోర్టల్‌లో ఇప్పటి నిబంధనలు ఒకసారి చదవండి.

ఇక క్రేన్లు, ప్రెషర్ వెసల్స్ పరీక్ష లాంటివి ఎంపికకు సంబంధించినవే కావు. చట్టం గుర్తించిన కాంపిటెంట్ పర్సన్ వచ్చి చూసి సర్టిఫికెట్ ఇవ్వాల్సిందే. చూడకుండా సంతకం పెట్టేవాళ్ల దగ్గరికి పోకండి, ఆ కొక్కెం కింద నిలబడేది మన పిల్లలే.

సర్టిఫికెట్ కోసం పిలిచేటప్పుడు

ఇక్కడే ఎక్కువ మంది మోసపోతున్నారు. ఐఏటీఎఫ్ 16949 (వాహన విడిభాగాల నాణ్యతా ప్రమాణం) కావాలని కస్టమర్ అంటాడు. "మూడు నెలల్లో చేయిస్తాం, ఫైళ్లన్నీ మేమే రాస్తాం, మీరు సంతకం పెడితే చాలు" అని ఎవరో వస్తారు. మేం తీసుకున్న ఒకాయన రాసిచ్చిన ప్రొసీజర్లలో రబ్బరు మిక్సింగ్ గురించి పేజీన్నర ఉంది. మా దగ్గర రబ్బరు వాసన కూడా ఉండదు. ఎవరిదో ఫైలు, పేరు మార్చి మాకిచ్చాడు. ఆడిటర్ ఆ పేజీ తెరిచి నా వైపు చూసినప్పుడు తల ఎత్తలేకపోయాను.

ఐఏటీఎఫ్‌లో పన్నెండు నెలల ఇంటర్నల్ ఆడిట్లు, పనితీరు లెక్కలు చూపించాలి. మూడు నెలల్లో అవుతుందని ఎవరైనా అంటే అక్కడే ఆపండి. ఇంకో సంగతి: సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ అదే కంపెనీకి మేనేజ్‌మెంట్ సిస్టమ్ కన్సల్టెన్సీ చెయ్యకూడదని ఐఎస్ఓ 17021 ప్రమాణం చెబుతుంది. "కన్సల్టెన్సీ, సర్టిఫికెట్ రెండూ మావే, ప్యాకేజీ" అన్నవాళ్ల సర్టిఫికెట్‌ని పెద్ద కస్టమర్ ఒప్పుకోడు.

ఈ పనికి కన్సల్టెంట్ అవసరమే, కాదనను. ప్రమాణం ఏం అడుగుతోందో అర్థం చెప్పడానికి, ఎఫ్ఎంఈఏ (ఏది ఎలా చెడొచ్చో ముందే లెక్క వెయ్యడం), ఎంఎస్ఏ (కొలిచే పద్ధతినే పరీక్షించడం), ఎస్‌పీసీ (అంకెలతో ప్రాసెస్‌ని అదుపులో ఉంచడం) మనవాళ్లకి నేర్పడానికి, ఆడిట్‌కి ముందు ఒకసారి గట్టిగా తనిఖీ చేసి తప్పులు పట్టడానికి. రాయడం మాత్రం మనవాళ్లే రాయాలి. వంకరటింకరగా రాసినా సరే, ఏం చేస్తున్నామో అదే రాయాలి. ఆపరేటర్ల ట్రైనింగ్ ఇంగ్లీష్‌లో పెడితే అందరూ తలలూపుతారు, ఎవరికీ ఎక్కదు. కన్నడం, తెలుగు వచ్చినవాళ్లని అడగండి, దొరుకుతారు.

ఒప్పందం మీద సంతకానికి ముందు

ఇవాళ్టి అంకె రాసుకోకుండా ఎవర్నీ పిలవకండి. "రిజెక్షన్ తగ్గించాలి" అంటే అది పని కాదు. "గత మూడు నెలల్లో ఈ పార్టులో వందకి ఆరు రిజెక్ట్ అయ్యాయి, ఆరు నెలల్లో రెండుకి రావాలి" అంటే పని. ఆ ఆరు అన్న అంకె మన దగ్గర లేకపోతే, ఒక నెల మన క్వాలిటీ మనిషి చేత రాయించి అప్పుడు పిలవండి. లేదంటే ఆ నెల ఫీజు కట్టి ఆ అంకెలు ఆయన చేతే ఏరించినట్టవుతుంది.

డబ్బు ఒకేసారి ఇవ్వొద్దు. మొదలుపెట్టినప్పుడు కొంత, మధ్యలో అనుకున్నది చూపించినప్పుడు కొంత, మారిన అంకె మూడు నెలలు నిలబడ్డాక మిగతాది. "తగ్గించిన ఖర్చులో ఇంత శాతం ఇవ్వండి" అనేవాళ్లతో జాగ్రత్తగా ఉండండి. ఏది తగ్గింపో తేల్చడంలోనే స్నేహాలు పాడవుతాయి, పైగా త్వరగా కనిపించే తగ్గింపు కోసం మనుషుల్ని తీసెయ్యమనే సలహా ముందొస్తుంది. ఫీజు మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది, ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది. టీడీఎస్ పట్టడం మర్చిపోకండి. కన్సల్టెంట్‌కే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంటే ఆయనకి 45 రోజుల లోపు డబ్బు ఇవ్వాల్సిన బాధ్యత చట్టప్రకారం మన మీద ఉంటుంది.

డ్రాయింగ్ల హక్కు సంగతి చాలామందికి తెలియదు, అందుకే కాస్త వివరంగా చెప్తున్నాను. మన ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా గీసిన డ్రాయింగ్ మీద కాపీరైట్ మనది. బయటి మనిషి గీస్తే, డబ్బు మనమే ఇచ్చినా, వేరే రాతకోతలు లేకపోతే మామూలుగా హక్కు ఆయనదే. రాతపూర్వకంగా మన పేరు మీదకి మార్పించుకోవాలి. ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్లకేననీ, ఎక్కడెక్కడికో రాయకపోతే మన దేశం వరకేననీ చట్టం అనుకుంటుంది. మీరు ఎక్స్‌పోర్ట్ చేసేవాళ్లైతే ఈ ఒక్క వాక్యం మర్చిపోయినందుకు పెద్ద చిక్కులో పడతారు. క్యాడ్ ఫైళ్లు, ఒరిజినల్ రూపంలో, ప్రతి నెలా మన సర్వర్లోకి రావాలని కూడా రాయించండి. పక్క వీధిలోని మన పోటీదారుడికి అదే ఏడాది పనిచెయ్యకూడదన్న మాట కూడా అడగొచ్చు, మంచివాళ్లు ఒప్పుకుంటారు.

రెఫరెన్స్ అడిగేటప్పుడు ఆయన ఇచ్చిన యజమాని నంబర్‌తో సరిపెట్టుకోకండి. ఆ ఫ్యాక్టరీకి వెళ్లి, షాప్ ఫ్లోర్ మనిషితో ఒక టీ తాగండి. "ఆ సార్ చెప్పినవి ఇప్పటికీ చేస్తున్నారా?" అని అడగండి. గోడ మీది బోర్డులో చివరి తారీఖు చూస్తే చాలాసార్లు ఆ ప్రశ్న కూడా అక్కర్లేదు.

ఇప్పుడు నా ముందున్నది

ఈ నెలలో ఏరోస్పేస్ బ్రాకెట్ల ఎంక్వైరీ ఒకటి వచ్చింది. ఏఎస్ 9100 (విమాన రంగం నాణ్యతా ప్రమాణం) కావాలంటున్నారు. మా దగ్గర దాని మీద అనుభవం ఉన్నవాళ్లెవరూ లేరు, అంటే తెలియక ఆగే పని. ఆర్డరు నిలబడితే అది రోజువారీ పనవుతుంది, అంటే మనిషి కూడా కావాలి. అందుకని హెచ్ఏఎల్‌లో క్వాలిటీ చేసి రిటైరైన ఒకాయనతో ఏడాదికి, నెలకి మూడు రోజుల లెక్కన మాట్లాడుతున్నాను. ఆయన కింద నేర్చుకోవడానికి మా క్వాలిటీ అమ్మాయిని పెడుతున్నాను, పాలిటెక్నిక్ చదివి మూడేళ్ల కిందట చేరింది, కొలతలంటే ప్రాణం. పార్టు టైటానియంలో ఉంది కాబట్టి కటింగ్ ట్రయల్స్‌కి ఇద్దరు టూల్ కంపెనీల వాళ్లను పిలిచాను. హీట్ ట్రీట్‌మెంట్, ప్లేటింగ్ లాంటి స్పెషల్ ప్రాసెస్‌లకి అప్రూవల్ ఉన్న బయటి షాపులనే వాడతాం, అవి మా ఇంట్లో పెట్టుకునే ఆలోచన ఇప్పట్లో లేదు.

ఆయన మొదటి మీటింగ్‌కి సోమవారం వస్తున్నారు. బల్ల దగ్గర నాలుగు కుర్చీలు వేయించాను. నాలుగోది రెండో మెషిన్ అబ్బాయికి.